అంబాసిడర్ షాఫ్ట్ బోల్టు మళ్లీ మళ్లీ ఎందుకు వదులవుతోంది?

ప్రశ్న: మా నాన్న గారి పాత అంబాసిడర్‌ను ఇంకా నడుపుతున్నాం. ఈమధ్య వరంగల్‌లో ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ బలాన్ని వెనక్కి చేర్చే పొడవాటి గొట్టం) క్రాస్, అంటే దాని చివర మడత కీలు, మార్పించాం. మేడారం వెళ్లొచ్చాక వెనుక నుంచి టక్ టక్‌మని చప్పుడు మొదలైంది. చూస్తే డిఫరెన్షియల్ (వెనుక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) దగ్గరి బోల్టు వదులైంది. బిగించినా నిలవడం లేదు. పానాకు పైపు తొడిగి బిగించమంటున్నారు. బిగించొచ్చా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: పైపు మాత్రం తొడగకండి. అలా బిగిస్తే బోల్టు సాగిపోతుంది, పైకి తెలియదు, రోడ్డు మీద తెగుతుంది. షాఫ్ట్ ఊడిపడితే ప్రాణాల మీదికొస్తుంది. సరిచేసేదాకా బండి తీయకండి.

ఆర్టీసీ డిపోలో బస్సుల కింద దూరి పని చేసినవాణ్ని. పదే పదే వదులయ్యే బోల్టు కనిపిస్తే నేను ముందు ఫ్లాంజ్‌లు, అంటే షాఫ్ట్‌ను డిఫరెన్షియల్‌తో కలిపే రెండు చదును బిళ్లలు, విప్పి చూస్తాను. ఇంజిన్ బలం చక్రాలకు చేరేది ముఖ్యంగా ఒకదానికొకటి నొక్కుకున్న ఆ రెండు ఫ్లాంజ్‌ల రాపిడి వల్లే. మధ్యలో రంగో, తుప్పో, గ్రీజో ఉంటే బండి నడిచేకొద్దీ నలిగి పలచబడుతుంది, బోల్టు బిగువు పోతుంది. ముందుగా ఫ్లాంజ్‌లు రెండింటి మీద గుర్తు పెట్టుకుని విప్పండి. వైర్ బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా శుభ్రం చేసి, అదే గుర్తుకు కలపండి.

బోల్టులు కూడా చూసుకోండి. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన బండి, కొలతలు అంగుళాల్లో ఉంటాయి. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు. చేతికి 8 ఎంఎం బోల్టులాగే తగులుతుంది కానీ థ్రెడ్ వేరు. అందుకే పాత బోల్టును షాపుకు తీసుకెళ్లి, అలాంటి హైటెన్సైల్‌వే (ఎక్కువ లాగుడు తట్టుకునేవి) అడగండి. నైలాన్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) నాలుగూ కొత్తవే వేయాలి.

ముందు చక్రాలకు అడ్డం పెట్టి, వెనుక భాగం లేపి, స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు. న్యూట్రల్‌లో పెట్టి షాఫ్ట్‌ను చేత్తో తిప్పితే, ఒక్కో నట్టు పానాకు అందుతుంది. బిగించేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగండి. బోల్టు తలను ఒక పానాతో పట్టుకుని నట్టునే తిప్పాలి. ఎదురెదురు నట్లు ముందు సగం, తర్వాత పూర్తిగా. చివరి బిగింపు టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో అంకెల్లో చూపే పానా)తోనే. మీ మోడల్ మాన్యువల్‌లో అంకె పౌండ్-అడుగుల్లో ఉంటే 1.356తో హెచ్చించండి, న్యూటన్ మీటర్లు వస్తాయి. మాన్యువల్ చెప్పకుండా థ్రెడ్‌కు నూనె రాయొద్దు. నూనె ఉంటే రెంచి అంకె అదే చూపినా బోల్టు మీద లాగుడు ఎక్కువ పడుతుంది.

నట్టు నుంచి ఫ్లాంజ్ మీదికి పెయింట్ గీత గీయండి. కొన్నాళ్లు తిరిగాక గీత కదిలిందేమో చూడండి. గీత కదలకుండానే చప్పుడు వస్తుంటే ఇక బోల్టుల జోలికి పోకుండా, క్రాస్ సర్‌క్లిప్‌లు (క్రాస్ బేరింగులు జారకుండా పట్టే స్ప్రింగు రింగులు) గాడిలో కూర్చున్నాయో లేదో మెకానిక్‌తో చూపించండి.