టాంగోలో ‘చేతులతో కాదు, ఛాతీతో నడిపించు’ అంటే అసలు ఏం చేయాలి?

మీ ప్రశ్న ఇది: జంటగా ఆడే టాంగో నృత్యంలో గురువుగారు చేతులు వాడవద్దంటున్నారు, చేతులు కదపకపోతే భాగస్వామికి ఏమీ తెలియడం లేదు, కదిపితే ఓచోలో, అంటే నేల మీద ఎనిమిది అంకె గీసినట్టు తిరుగుతూ వేసే అడుగుల్లో, ఆమె తూలిపోతోంది.

నేను నడిపించే పాత్ర, అనుసరించే పాత్ర రెండూ చేస్తాను. తూలడం ఎలా ఉంటుందో లోపలి నుంచి తెలుసు కాబట్టి ముందు దాని గురించే చెబుతాను.

ఓచోలో ఆమె ముందుకో వెనక్కో అడుగు వేసి, ఆ పాదం మీద తిరగాలి. బరువంతా ఆ పాదం ముందు భాగం మీదికి చేరితే తిరగడం చాలా తేలిక. నేలను తాకే చోటు చిన్నది, అదీ ఆమె అక్షం, అంటే ఒళ్లు తిరిగే నిలువు గీత, కిందే ఉంటుంది, అందువల్ల ఘర్షణ పెద్దగా అడ్డుపడదు. బరువు ఇంకా రెండు పాదాల మధ్య ఉండగానే మీరు తిప్పితే, ఆమెకు తిరగడానికి అక్షమే ఉండదు. మీ సంకేతం తోపుగా మారి, పడిపోకుండా ఆమె మరో అడుగు వేసుకుంటుంది. చూసేవారికి ఆమెకు నిలకడ లేదనిపిస్తుంది. నిజానికి మీరు రెప్పపాటు ముందున్నారు. ఆమె బరువు చేరిందో లేదో కౌగిలిలోనే, అంటే మీ ఇద్దరి పట్టులోనే, తెలుస్తుంది: చేరగానే ఆమె మీ చేతుల మీద ఆనడం మానేసి తేలికవుతుంది. అప్పుడే తిప్పండి.

ఇక చేతుల సంగతి. కవ్వం తాడును ఒక చేయి లాగుతుంటే రెండో చేయి వదులుతుంది, అందుకే కవ్వం ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. ఒకే కొస పట్టుకుని లాగితే పక్కకు ఒరుగుతుంది. మీ కుడిచేత్తో ఆమె వీపును లాగినప్పుడు జరిగేది ఈ రెండోదే. ఛాతీ తిప్పితే కౌగిలిలో ఒక వైపు ముందుకు, మరో వైపు అంతే వెనక్కు కదులుతుంది. ఆమెను ఎటూ నెట్టకుండా తిప్పే బలం మాత్రమే అందుతుంది. అందుకని చేతులను వదిలేయనూ వద్దు, బిగించనూ వద్దు. ఛాతీ చెప్పినదాన్ని మోసేంత పట్టు ఉంటే చాలు.

ఆ ఛాతీని నడుముతో మెలితిప్పవద్దని గట్టిగా చెబుతాను. అయిదు నడుము పూసలూ కలిసి ఒక వైపుకు తిరిగేది సుమారు పది, పదిహేను డిగ్రీలే. పక్కటెముకలు అతుక్కున్న పై పూసలు అంతకు రెట్టింపు పైగా తిరుగుతాయి, మిగిలినది తుంటి కీలు ఇవ్వాలి. నిలబడిన పాదంతో నేలను నొక్కండి. నేల తిరిగి ఇచ్చే ఆ బలం మీదే ఛాతీ తిరుగుతుంది. నేలను నొక్కకుండా తిరగబోతే మీకు దొరికే ఆధారం భాగస్వామి భుజమే!

నడకలోనూ ఇదే సూత్రం. నిలబడిన మోకాలు కాస్త వంగి, ఛాతీ రవ్వంత ముందుకు వస్తుంది. ఆమె కాలు వెనక్కు చాస్తుంది. ఆ తర్వాతే ఇద్దరి బరువూ కలిసి కదులుతుంది. మీ పాదం ముందే దూసుకుపోతే ఆమె కాలికి చోటుండదు.

సాధనకు ఒక పద్ధతి: మీ చేతులు కిందికి వదిలేయండి, ఆమె అరచేతులు మీ ఛాతీ మీద ఉంచాలి. అలాగే బరువును ఒక కాలి నుంచి మరో కాలికి మార్చడం, నడవడం, చివరికి చిన్న ఓచోలు చేయండి. టాంగో సంగీతకారుడు కార్లోస్ ది సార్లి ఆర్కెస్ట్రా రికార్డింగులు దీనికి బాగా పనికొస్తాయి, నడకకు అంత స్పష్టమైన తాళం ఉంటుంది. ఓచోలు చిన్నవైపోతున్నాయని దిగులు వద్దు. బ్యూనస్ ఎయిరిస్‌లో కిక్కిరిసిన మిలోంగాలలో, అంటే టాంగో ఆడే కూడికలలో, అపసవ్య దిశలో సాగే జంటల వరుస మధ్య, అంతకన్నా పెద్దవి వేయడానికి చోటే ఉండదు.

మీ ఇద్దరి బూట్ల అడుగులు కూడా చూసుకోండి. రబ్బరు నేలకు పట్టేస్తే పాదం ఆగిపోయి ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. తోలు అడుగున్నవి వాడండి. మోకాలు నొప్పి పెడుతుంటే ఓచోలు ఆపి, కొన్నాళ్లు నడక మీదే ఉండండి.