పాత సినిమాల్లోని స్కౌట్ మాస్టారు ఇప్పుడూ ఉంటాడా?

1966 నాటి డిస్నీ సినిమా ‘ఫాలో మీ, బాయ్స్!’లో ఒక స్కౌట్ మాస్టారు ఊళ్లో మగపిల్లల్ని చేరదీసి స్కౌట్ దళం నడుపుతాడు. అమెరికాలో ఇప్పుడూ అంతేనా అంటే, చాలా మారింది. క్యాంపుకి 21 ఏళ్లు దాటిన పెద్దలు కనీసం ఇద్దరు ఉండాల్సిందే. ఏ పెద్దా ఒక్క పిల్లాడితో ఒంటరిగా ఉండకూడదు. అతి జాగ్రత్త అనిపిస్తుంది గానీ, 2020లో అక్కడి స్కౌట్ సంస్థ ‘బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా’ దివాలా పిటిషన్ వేశాక, చిన్నప్పుడు లైంగిక వేధింపులకు గురయ్యామంటూ 82 వేలకు పైగా క్లెయిములు వచ్చాయి. అది తెలిశాక పాత సినిమాను అదే కళ్లతో చూడలేం.

2019 నుంచి ఆడపిల్లలకూ దళాలున్నాయి. 2025లో పేరులోంచి ‘బాయ్’ కూడా పోయింది, ఇప్పుడది ‘స్కౌటింగ్ అమెరికా’. అయితే జేబులో చాకు పెట్టుకోవాలంటే ముందు దాన్ని వాడటం నేర్చుకుని ‘టోటిన్ చిప్’ కార్డు సంపాదించాలన్న పద్ధతి మాత్రం ఇంకా ఉంది. అజాగ్రత్తగా తిప్పితే ఆ హక్కు పోతుంది.