అయిదేళ్ల పిల్లాడిని తిరుపతి గంగ జాతర వేషాలకు తీసుకెళ్లవచ్చా?

మీ బాబుకి అయిదేళ్లు, బెంగళూరులో పెరుగుతున్నాడు, వేషాలు చూసి జడుసుకుంటాడేమో, బండ వేషం నాడు బూతులు వింటాడేమో అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్లండి. తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకున్నవాళ్లు ఈ జాతరలో రోజుకో వేషం వేస్తారు కాబట్టి, ఏ రోజు వెళ్తున్నారు, ముందుగా ఏం చెప్పి తీసుకెళ్తున్నారు అన్నదే ముఖ్యం. మొదటిసారి నేను ఆ రెండూ ఆలోచించలేదు.

మా వాడికి అప్పుడు నాలుగేళ్లు. గురువారం సాయంత్రం చంకనేసుకుని తాతయ్యగుంట గుడి వైపు వెళ్లాను. ఒళ్లంతా ఎర్రగా కుంకుమ పూసుకున్న కుర్రాళ్లు ఓ పదిమంది డప్పులతో ఎదురొచ్చారు. వాడు నా మెడలో ముఖం దాచేసుకుని ఒకటే ఏడుపు. ఆ రాత్రి రెండుసార్లు ఉలిక్కిపడి లేచాడు. నాకు చాలా బాధేసింది.

మరుసటేడు మా అత్తమ్మ వారం ముందు నుంచే వాడికి కథ చెప్పింది. తిరుపతి పక్కన అవిలాలలో పుట్టి కైకాల వాళ్లింట పెరిగిన గంగమ్మ, ఆడపిల్లల్ని ఏడిపించే పాలెగాడు (ఆ ప్రాంతాన్ని ఏలే పెత్తందారు), అమ్మకు భయపడి వాడు దాక్కోవడం, వాడిని బయటికి రప్పించడానికి అమ్మ రోజుకో వేషంలో వెతకడం, చివరికి దొర వేషం చూసి వాడు బయటికొచ్చి దొరికిపోవడం. దాగుడుమూతల కథ కదా, పిల్లలకు ఇట్టే ఎక్కుతుంది. పాలెగాణ్ణి చంపడం సంగతి అడిగితేనే చెప్పండి.

ఆ ఏడు బుధవారం వెళ్లాం, బైరాగి వేషం రోజు. మీకూ అదే మంచిది. నామం సుద్ద నీళ్లలో నానబెట్టి మా ఆయన వాడి చేతులకు, పొట్టకు పూశారు. సుద్ద తడిగా ఉన్నంతసేపు పెద్దగా కనపడదు, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. వాడు ఫ్యాను కింద నిలబడి, మోచేయి దగ్గర నుంచి వేళ్ల దాకా తెలుపు పాకడం కళ్లప్పగించి చూశాడు. తర్వాత వాళ్ల నాన్న వీపుకు వాడే పూశాడు. వీధిలోకి వెళ్లగానే తెల్లటి ఒళ్లతో, వేపమండలతో పెద్దవాళ్లు ఎదురయ్యారు. వాడు నా చెయ్యి లాగి, "అమ్మా, వీళ్లు కూడా ఫ్యాను కింద ఆరబెట్టుకున్నారా?" అని అడిగాడు. భయం అక్కడితో పోయింది.

గురువారం బండ వేషం. ఆ రోజు తిట్లు కూడా మొక్కులో భాగమే, అమ్మ తప్పు పట్టదని నమ్మకం. మొదటి ఏడాదికి ఆ రోజు మానేయండి. ఎప్పుడైనా చెవిన పడితే, "ఆ మాటలు అమ్మకు ఇచ్చేసి రావాలి, ఇంటికి తెచ్చుకోకూడదు" అని చెప్పండి. మా వాడు అది గట్టిగా పట్టుకున్నాడు. శుక్రవారం తోటి వేషం, శనివారం దొర వేషం, ఆదివారం మాతంగి వేషం, సోమవారం తల మీద సున్నపు కుండలు పెట్టుకునే వేషం, మంగళవారం అసలు జాతర. జాతర నాడు రద్దీ ఎక్కువ, పొద్దున్నే పొంగళ్ల వేళకు వెళ్లి వచ్చేయండి.

మగవాళ్లు చీర కట్టుకుని వస్తారు. దయచేసి పిల్లాడి ముందు నవ్వకండి. మా పాపకు ఒంట్లో బాగాలేనప్పుడు మా ఆయన మొక్కుకుని, నా పెళ్లినాటి ఆకుపచ్చ చీర కట్టుకున్నారు. కుచ్చిళ్లు నేను పెట్టాను, మల్లెపూలు మా వాడు అందించాడు. నాన్న చెల్లి కోసం కట్టుకున్నాడని వాడికి తెలుసు, అందుకే ఒక్కసారి కూడా నవ్వలేదు.

జాతర మర్నాడు బుధవారం తెల్లవారుజామున విశ్వరూపం, అంటే మట్టితో చేసిన అమ్మవారి పెద్ద రూపం, దాని చెంప నరికే చెంప నరుకుడు ఉంటాయి. అమ్మవారి మట్టి కోసం జనం తోసుకుంటారు, అక్కడికి పిల్లాడు వద్దు. పెద్దవాళ్లు ఎవరైనా వెళ్లి చిటికెడు మట్టి తెచ్చిపెడితే చాలు. ఇంకో విషయం, వేషాలకు ముందు మంగళవారం అర్ధరాత్రి జాతర మొదలైందని చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఊరు దాటకూడదంటారు. మీ ఇంట్లో ఆ పట్టింపు ఉందేమో కనుక్కుని టికెట్లు తీసుకోండి.

మే ఎండ కాబట్టి, జాతర నాడు తప్ప మిగతా రోజుల్లో సాయంత్రం అయిదు దాటాకే బయలుదేరండి. రంగుల డబ్బాలు కొనకండి, కళ్లు మండుతాయి, సుద్దే మేలు. చేతి మీద ఫోన్ నంబరు రాస్తే చెమటకు, సుద్దకు చెరిగిపోతుంది. చీటీ మీద రాసి, చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి మొలతాడుకు కట్టండి. మేం ఇప్పటికీ అలాగే చేస్తున్నాం.