దూరపు పేలుడుకు పగిలిన అద్దాలు: పరిహారం వస్తుందా?

ప్రశ్న: మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో సున్నపురాయి గని ఉంది. రెండేళ్ల తొమ్మిది నెలల క్రితం, జనవరిలో ఒక ఉదయం ఏడింటికి అక్కడ జరిపిన పేలుడుకు మా కిటికీ అద్దాలు ఆరు పగిలి, అమ్మ పాదంలో గాజు గుచ్చుకుంది. గనికి కిలోమీటరు దూరంలోని ఇళ్లకే ఏమీ కాలేదని, మాది అబద్ధమని యాజమాన్యం అంటోంది. ఫోనులో తీసిన వీడియో ఉంది. గాజు ముక్కలు పారేశాము. గోడల పగుళ్లు కూడా కలిపి కేసు వేయవచ్చా? – పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: మీ కేసు గెలవడమో ఓడడమో ఆనాటి గాలి మీద ఆధారపడి ఉంది. చలికాలపు తెల్లవారుజామున నేల చల్లబడి, కింద చల్లని గాలి, దాని పైన వెచ్చని గాలి పొరలుగా నిలిచినప్పుడు, మామూలుగా ఆకాశం వైపు పోవలసిన పేలుడు అల కిందికి వంగి, కొన్నిసార్లు దగ్గరి ఇళ్లను దాటి దూరపు ఊరి మీద పడుతుంది. కాబట్టి దగ్గరివారికి నష్టం లేదన్నది మీకు వ్యతిరేక సాక్ష్యం కాదు. మీ వీడియోలో పొయ్యి పొగ పైకి లేవక ఇళ్ల కప్పుల మీదే పరుచుకుని కనిపిస్తే, ఆనాడు అలాంటి పొరలు ఉన్నాయనడానికి అది చిన్న ఆధారం కాదు. హైదరాబాద్‌లో వాతావరణ శాఖ పై గాలి ఉష్ణోగ్రతను కొలవడానికి ఉదయం 5.30కి ఎగరవేసే బెలూన్ నమోదుల ప్రతిని ఆ తేదీకి సమాచార హక్కు చట్టం కింద కోరండి. ఇది ప్రకృతి వైపరీత్యమని గని యాజమాన్యం వాదించవచ్చు. ఏటా వచ్చే చలికాలాన్ని, ఎండ ఎక్కేదాకా ఆగితే సడలే పొరను, ఊహించలేనిదని కోర్టు ముందు నిలబెట్టడం వారికి సులభం కాదు.

గోడల పగుళ్లు మాత్రం కలపకండి. ఇంత దూరాన గాలి అలకు ముందు పగిలేది అద్దం. పాత చెమ్మ పగుళ్లను ఇందులో జొప్పిస్తే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవి తేలిన నాడు నిజమైన ఆరు అద్దాల మాటనూ ఎవరూ నమ్మరు.

గాజు ముక్కలు పారేయడం, ఇన్నాళ్లు ఊరుకోవడం మీ నిర్లక్ష్యమే. లిమిటేషన్ చట్టం 113వ అధికరణం ప్రకారం సివిల్ దావాకు మూడేళ్లే గడువు. మీకు మిగిలింది మూడు నెలలు. ఫోను మార్చకండి: అసలు ఫైలుతో పాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం కావాలి. అద్దాలు మార్చిన రసీదు, ఆనాటి ఆసుపత్రి చీటీ వెతకండి. గాయానికి మీ తల్లిగారే వాదిగా చేరాలి. గనిలో పేలుళ్లు నమోదు చేసే రిజిస్టరును సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 11 కింద కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు. ఈ వారమే జిల్లా కేంద్రంలో న్యాయవాదిని కలవండి. ఆలోగా గనివాళ్లు ఇచ్చే ఏ కాగితం మీదా సంతకం చేయకండి.