సంతకం పెట్టే ముందు

తమ్ముడూ,

మేనల్లుడు ఆర్మీకి పోతానని పట్టుబట్టాడని, మరదలు సరిగా అన్నం కూడా తినడం లేదని ఫోన్లో చెప్పావు. కన్న కడుపు, ఆమెను ఏమీ అనకు. నా కొడుకూ యూనిఫాంలోనే ఉన్నాడు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు వాణ్ణి కూర్చోబెట్టి అడుగు. ఇష్టమై పోతున్నాడా, పొగాకు అప్పు తీర్చాలని పోతున్నాడా? అప్పు కోసమైతే వద్దని చెప్పు. మా పెద్దాడు చేరినప్పటి పద్ధతి వేరు. ఇప్పుడు అగ్నివీర్ అంటే నాలుగేళ్లే. ఆ తర్వాత నూటికి 25 మందికి మించి రెగ్యులర్‌లోకి తీసుకోరు. మిగిలినవాళ్లకు సేవానిధి దాదాపు 11.71 లక్షలు వస్తుంది, పెన్షన్ రాదు. నెలనెలా జీతంలో 30 శాతం పట్టుకుని, అంతే ప్రభుత్వమూ వేసి, వడ్డీతో కలిపి ఇచ్చే డబ్బు అది. అందుకే డిగ్రీ మాత్రం ఆపనివ్వకు, దూరవిద్యలోనైనా కట్టించు.

టెన్త్ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడు. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరం ఉంటే ఇప్పుడే సరిచేయించు. మనది గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు కిందికొస్తుంది. ముందు ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత ర్యాలీలో పరుగు, మెడికల్. 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లోపు పరిగెత్తితే 60 మార్కులు. పొదిలి రోడ్డు తారు మీద పరిగెత్తనివ్వకు, మోకాళ్లు పోతాయి. తెల్లారకముందే మట్టి గ్రౌండులో పరిగెత్తమను. ఒరిజినల్స్ ఇస్తే పని చేయిస్తానని ఎవడైనా వస్తే గడప కూడా తొక్కనివ్వకు.

చదువు అబ్బనోళ్లే మిలిటరీకి పోతారని ఊళ్లో అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. మన దేశంలో బలవంతంగా సైన్యంలో చేర్చే పద్ధతి లేదు. ఇష్టపడి వెళ్లిన పిల్లల మీదే సరిహద్దు నిలబడింది. పిలుపొస్తే దేశాన్ని కాపాడాలని రాజ్యాంగం 51ఎ అధికరణంలో పౌరులందరికీ రాసిపెట్టింది, కనిగిరి, పొదిలి మెట్ట రైతుల పిల్లలకే కాదు. డాక్టరు కొడుకూ పోవాలి, కాంట్రాక్టరు కొడుకూ పోవాలి. పోనివాళ్లు కనీసం పోయినవాడి తల్లిదండ్రులకు జ్వరమొస్తే ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అదీ దేశసేవేనని నేను గట్టిగా నమ్ముతా.

వాడు చేరాక మీ ఇద్దరికీ డ్యూటీ ఉంటుంది. ఫోన్ చేస్తే ఎక్కడున్నావని గుచ్చి గుచ్చి అడక్కండి, వాడి ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. బోరు ఎండిపోయిందని, పొగాకు ధర పడిపోయిందని ఏడిస్తే అక్కడ వాడికి నిద్ర పట్టదు. నాలుగు రోజులు ఫోన్ రాకపోయినా టెన్షన్ పడొద్దు, సిగ్నల్ లేని చోట్లు చాలా ఉంటాయి.

పద్దెనిమిది నిండకుండా చేరితే అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. మరదలు మనసారా ఒప్పుకునేదాకా నువ్వు పెన్ను పట్టుకోకు. వచ్చే నెల పెద్దాడు సెలవు మీద వస్తున్నాడు. ముగ్గురూ రండి, మరదలు అడగాలనుకున్నవన్నీ వాణ్ణే అడుగుతుంది.

మీ అక్క