పదిహేను మందికి చలికాలం విందు: పొయ్యి మీద ఒక్క గిన్నె చాలు

డిసెంబర్ చివర్లో ఇంటికి పదిహేను మంది వస్తున్నారు, పిల్లలున్నారు, మందు ముట్టనివాళ్లూ ఉన్నారు, తినడానికి తాగడానికి ఏం పెట్టాలి అని అడిగారు కదా. మెనూ కంటే ముందు ఒకటి తేల్చుకోండి: ఆ సాయంత్రం మీరు హాల్లో ఉంటారా, వంటింట్లోనా? మొదటిసారి నేను అందరికీ కప్పు కప్పుగా హాట్ చాక్లెట్ కలిపిచ్చాను. పన్నెండో కప్పు కలిపేసరికి మొదట తాగినవాళ్లు రెండోది అడుగుతున్నారు. ఆ రోజు నవ్వులన్నీ గోడ అవతలి నుంచే విన్నాను.

అప్పట్నుంచి వేడి డ్రింక్ ఒకటే, పెద్ద గిన్నెలో చేసి గరిటె వేసి పెడతాను. ఎవరిది వాళ్లే పోసుకుంటారు. లీటరు ఆపిల్ జ్యూస్‌కి ఒక దాల్చిన చెక్క, నాలుగు లవంగాలు, కాస్త అల్లం, కొంచెం నారింజ తొక్క. తొక్కని పీలర్‌తో పలచగా తీయండి, లోపలి తెల్లపొర పడితే చేదు. తెర్లనివ్వకండి. అంచుల్లో చిన్న బుడగలు రాగానే మంట తగ్గించి, 20 నిమిషాలయ్యాక లవంగాలు ఏరేయండి. ఒక ఏడాది నేను లవంగాలు చేతికొచ్చినన్ని వేసి, గిన్నెని సిమ్‌లోనే వదిలేశాను. రాత్రి ఎనిమిదయ్యేసరికి అది పంటినొప్పి మందులా తయారైంది. పాపం, ఒక్కరూ ఏమీ అనలేదు, కప్పులు మాత్రం సగంలోనే ఆగిపోయాయి.

మనిషికి 300 మిల్లీలీటర్ల లెక్కన నాలుగున్నర లీటర్లు సరిపోతుంది. రమ్ము కావాలన్నవాళ్లకి సీసా పిల్లలకి అందని చోట విడిగా పెట్టండి, గిన్నెలో కలపొద్దు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, పొయ్యి మీద ఉన్నకొద్దీ కొంత ఆవిరైపోతుంది. పైగా పిల్లలకి ఇంకో గిన్నె పెట్టాల్సొస్తుంది.

పిల్లలు హాట్ చాక్లెట్ కోసం పట్టుబడితే కోకో, చక్కెర, చిటికెడు ఉప్పు ముందు రెండు మూడు చెంచాల వేడి పాలతో ముద్దలా కలిపి, తర్వాత మిగతా పాలు పోయండి. పొడిని నేరుగా పాలల్లో వేస్తే ఉండలు కడుతుంది. పచ్చి గుడ్లు, పాలతో చేసే ఎగ్‌నాగ్ అనే డ్రింక్ జోలికి మాత్రం వెళ్లకండి. చేయాలనుంటే గుడ్లూ పాలూ కలిపి, తిప్పుతూ 71 డిగ్రీల దాకా వేడి చేసి చల్లార్చాలి. ఇంట్లో థర్మామీటర్ లేదంటే నేనైతే ఆ మాటే ఎత్తను.

తిండిలో చివరి నిమిషం పని ఒక్కటే ఉంచుకోండి. మా ఇంట్లో అది ఆలుగడ్డలు. ఉప్పు నీళ్లలో అంచులు మెత్తబడేదాకా ఉడికించి, నీళ్లు వంపేసి, మూత పెట్టి గిన్నెని నాలుగుసార్లు గట్టిగా కుదపండి. అంచులు గరుగ్గా రేగుతాయి, కరకరలంతా అక్కడే వస్తుంది. ముందే నూనెతో కాగిన ట్రేలో వేసి, 200 డిగ్రీల ఓవెన్‌లో ముప్పావు గంట. మధ్యలో ఒకసారి తిప్పితే చాలు.

సూప్ ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాటికి రుచి ఇంకా కుదురుతుంది. కేక్ కూడా ముందురోజే. అందులో వేసే ఎండుద్రాక్షల్ని అంతకుముందు రాత్రి నారింజ రసంలో నానబెట్టండి. వండినవి టేబుల్ మీద రెండు గంటలకి మించి ఉంచొద్దు, మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లోకి.

గిన్నె పక్కన గరిటె పెట్టుకోవడానికి ఒక ప్లేటు మర్చిపోకండి. నేను మర్చిపోయిన ఏడాది పడ్డ మరకలు మా టేబుల్ క్లాత్ మీద ఇప్పటికీ ఉన్నాయి.