ఎండాకాలంలో ఎలక్ట్రిక్ కారుకు పెట్టిన ఫాస్ట్ చార్జర్ 'ఓవర్ టెంపరేచర్' (వేడి మితిమీరింది) అని ఆగిపోతే తప్పు కారుదా, చార్జర్‌దా?

ఎక్కువసార్లు చార్జర్‌దే, అందులోనూ గన్‌దే, అంటే కారు సాకెట్‌లో పెట్టే కేబుల్ చివరి ప్లగ్‌దే. రోజూ పదుల సార్లు పెట్టి తీసే గన్‌లో పిన్నులు అరిగిపోతాయి, దుమ్ము పడుతుంది, పట్టు వదులవుతుంది. అక్కడ రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డు) ఒక్క మిల్లీఓమ్, అంటే ఓమ్‌లో వెయ్యో వంతు, ఉన్నా 150 ఆంపియర్ల దగ్గర 22 వాట్లకు పైగా వేడి పుడుతుంది. అదే 300 ఆంపియర్లయితే 90 వాట్లు! కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలన్నమాట. మన దగ్గర కార్ల ఫాస్ట్ చార్జింగ్‌కు ఎక్కువగా వాడే సీసీఎస్-2 రకం గన్‌లో పిన్నుల దగ్గరే ఉష్ణోగ్రత సెన్సార్లుంటాయి. దాదాపు 90 డిగ్రీలు దాటనివ్వకుండా చార్జర్ ముందు కరెంటు తగ్గిస్తుంది, అప్పటికీ వేడి ఆగకపోతే కట్ చేస్తుంది. అంటే ఆగిపోవడం రక్షణే, విసుగొచ్చినా సరే.

రెండో అనుమానం ఫ్యాన్ ఫిల్టర్ మీద. రోడ్డు పక్క దుమ్ముతో అది పూడుకుపోతే లోపల కరెంటును మార్చి ఇచ్చే పవర్ మాడ్యూళ్లకు గాలాడదు. మే నెలలో విజయవాడ ఎండలో, నీడలేని చోట, ఇక చెప్పేదేముంది.

అదే కారుకు పక్క గన్‌తో చార్జింగ్ బాగా ఎక్కితే కారును అనుమానించక్కర్లేదు. రెండు మూడు చోట్ల అలాగే ఆగితే మాత్రం కారు సాకెట్ చూపించండి. గన్ చల్లబడుతుందని దాని మీద తడిగుడ్డ కప్పే చిట్కా ఒకటుంది, టెస్లాయే వద్దంది. సెన్సార్‌ను మోసం చేస్తే కాలేది పిన్నులే.